దీవిలా మారిన ఓడ కోసం: స్కీడామ్ నుంచి డెన్ హెల్డర్ దాకా

మాది కాకినాడ, అందులో జగన్నాథపురం. ఒకప్పుడు మా పేటలో డచ్చివాళ్ళ వర్తక స్థావరం ఉండేది. 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. మా ఊరి పేరుతో భారత నౌకాదళంలో ఒక మైన్‌స్వీపర్ (నీళ్ళలో మందుపాతరలు ఏరే ఓడ) కూడా ఉండేది. ఐఎన్ఎస్ కాకినాడ 1986 డిసెంబరులో సర్వీసులో చేరి, 2017 మేలో ముంబైలో జెండా దించేసింది. ఆ తరగతిలో చివరిదైన ఐఎన్ఎస్ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో విశాఖలో సెలవు తీసుకుంది. విశాఖలో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. దాన్ని చూసినప్పుడల్లా సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ ఒకటైనా అలా మిగిలితే బాగుండేది అనిపిస్తుంది నాకు.

తమ్ముడు నెదర్లాండ్స్‌లోని ఆమ్స్టెల్‌వేన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు తులిప్ తోటలు చూపిస్తానన్నాడు. తోటలు తర్వాత చూద్దాం, ముందు అబ్రహామ్ క్రైన్సెన్ చూపించమన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో చెట్టుకొమ్మలు కప్పుకుని దీవిలా నటించి జపాన్ వాళ్ళ కన్నుగప్పిన డచ్చి మైన్‌స్వీపర్ అది. ఇప్పుడు డెన్ హెల్డర్ మ్యూజియంలో ఉంది. నేరుగా అక్కడికి పోకుండా, ఆ ఓడ పుట్టిన ఊరి నుంచి మొదలుపెడదామని నా పట్టుదల. "నీ ఇష్టం అక్కా" అని వాడు సెలవు పెట్టాడు.

స్కీడామ్, బుధవారం

రోటర్‌డామ్‌కు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. గాలిమరలంటే పొలాల మధ్య ఉంటాయనుకుంటాం, ఇక్కడ మాత్రం వీధుల మధ్య, ఇళ్ళ కప్పుల మీదుగా లేచి ఉంటాయి. పాతకాలపు గాలిమరల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినవి ఇవే. 'డె నోర్డ్' అనే మర 33 మీటర్ల పైనే ఉంటుంది. చుట్టూ పెద్ద పెద్ద గోదాములుండడంతో వాటిని దాటి గాలి అందుకోవాలని అంత ఎత్తు కట్టారు. ఆ మరలన్నీ ఆడించింది యెనేవర్ అనే సారా కోసం ధాన్యాన్ని.

కాలవ దాటి గుస్తో షిప్‌యార్డు వైపు వెళ్దామంటే, మా ముందే గంట మోగి వంతెన పైకి లేచింది. ఒక పాత పడవ తీరిగ్గా కింద నుంచి పోతోంది. సైకిళ్ళ మీద ఉన్నవాళ్ళెవరూ విసుక్కోలేదు, హారన్ ఒక్కటి లేదు. ఒకావిడ బుట్టలోంచి యాపిల్ తీసి కొరుక్కుంటూ నిలబడింది. వంతెన దిగాక ఫోన్ మ్యాప్ చెప్పిన దారిన పోతే ఇళ్ళ వెనక గోడ తగిలింది. కుక్కను తిప్పుతున్న పెద్దాయన్ని "గుస్తో యార్డు ఎటు?" అని తమ్ముడు అడిగాడు. ఆయన ముందు మమ్మల్ని పరీక్షగా చూశాడు. "అది 1978లోనే మూతపడింది కదా! అక్కడేముందని వెళ్తున్నారు?" అన్నాడు. ఓడ పేరు చెప్పగానే ముఖం మారిపోయింది. నది ఒడ్డు దాకా తోడొచ్చాడు, కుక్కకది ఇష్టం లేకపోయినా.

అక్కడ చూడ్డానికి ఆఫీసు భవనాలు, షెడ్లు తప్ప ఏమీ లేవు. అయినా నాకు నిరాశ కలగలేదు. 1936 సెప్టెంబరు 22న 'వెర్ఫ్ గుస్తో' యార్డు నుంచి అబ్రహామ్ క్రైన్సెన్ ఈ నీళ్ళలోకి దిగింది. 1937 మేలో నౌకాదళంలో చేరింది. పొడవు 56 మీటర్లు, బరువు 525 టన్నులు, నలభై అయిదు మంది సిబ్బంది. ఆవిరి ఇంజన్లతో 15 నాట్ల (గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) వేగం. ఆ కాలపు డిస్ట్రాయర్లనే యుద్ధనౌకలు ముప్పై నాట్లు దాటి పోయేవి. పరిగెత్తి తప్పించుకోవడం దీని వల్ల కాదన్నమాట. ఆ సంగతి తర్వాత చెప్పబోయే కథకు ముఖ్యం.

మధ్యాహ్నం కాలవ గట్టున జున్ను పెట్టి కాల్చిన బ్రెడ్డు తిన్నాం. మనిషికి ఏడు యూరోలు. పక్కన టమాటా సాస్ తప్ప ఇంకేమీ ఇవ్వరు. నా సంచిలో కందిపొడి ఉంది కాబట్టి గడిచింది.

ది హేగ్, గురువారం

నౌకాదళం జాబితా నుంచి 1960లో తీసేశాక ఈ ఓడను సీ కెడెట్లకు ఇచ్చేశారు. 1962 నుంచి 1972 దాకా ది హేగ్‌లో, ఆ తర్వాత రోటర్‌డామ్‌లో పిల్లలు దాని మీద తాళ్ళు కట్టడం, జెండాలతో సైగలు చెయ్యడం నేర్చుకున్నారు. ఆ గుర్తులు వెతకడం కంటే ఈ ఊళ్ళో నాకు కావలసింది ఇంకోటుంది. అది ఓడకు పేరిచ్చిన మనిషి కథ.

అబ్రహామ్ క్రైన్సెన్ 17వ శతాబ్దపు నావికుడు, నెదర్లాండ్స్‌లోని జీలండ్ ప్రాంతంవాడు. 1667లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌ను ఇంగ్లీషువాళ్ళ నుంచి పట్టుకున్నాడు. అదే ఏడు బ్రెడా సంధిలో సురినామ్ డచ్చివాళ్ళకు ఉండిపోయింది, ఇప్పటి న్యూయార్క్ ఇంగ్లీషువాళ్ళకు మిగిలింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1873లో, కలకత్తా నుంచి 'లల్లా రూఖ్' అనే ఓడలో మనవాళ్ళు ఆ సురినామ్‌కే చెరకు తోటల కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ మునిమనవలు ఎందరో ఇప్పుడు ది హేగ్‌లో ఉంటున్నారు. అందుకే ఇక్కడ అడుగడుగునా రోటీ దుకాణాలు.

మేం వెళ్ళిన దుకాణంలో ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గర ఉంది. నా బొట్టు చూసి భోజ్‌పురిలా వినిపించే సర్నామీలో పలకరించింది. నాకు వచ్చిన హిందీతో జవాబిచ్చాను. సగం సగం అర్థమైంది ఇద్దరికీ. పెద్ద రోటీ, దాని పక్కన బంగాళాదుంపల కూర, పొడుగు చిక్కుళ్ళ వేపుడు, కోడిమాంసం, ఉడికించిన గుడ్డు. చేత్తోనే తినాలి. స్పూను అడిగిన పక్క టేబులు కుర్రాణ్ణి ఆవిడ కళ్ళతోనే మందలించింది. పచ్చడి కావాలంటే మదామ్ జనెట్ మిరపకాయతో చేసింది చిన్న గిన్నెలో పెట్టి, "జాగ్రత్త బేటీ" అంది. గుంటూరు కారం తిన్న నాలుకని నమ్ముకుని గట్టిగానే అద్దుకున్నాను. కారం మొదట తెలీదు, పండు వాసనొస్తుంది. తర్వాత చెవులు వేడెక్కాయి. ఇద్దరికీ కలిపి పాతిక యూరోలైంది. ఆ దేశంలో నేను పెట్టిన ఖర్చుల్లో దీన్ని మించి మనసుకు నచ్చింది లేదు.

సాయంత్రం ఊరి అంచున తోపులో ఉన్న స్మారకానికి నడిచాం. జపాన్ ఆక్రమించిన డచ్ ఈస్టిండీస్‌లో (ఇప్పటి ఇండోనేషియా) చనిపోయినవాళ్ళ కోసం 1988లో కట్టారు. ఏటా ఆగస్టు 15న ఇక్కడ పూలు పెడతారు. మనకు జెండా పండగైన ఆ తేదీ, వీళ్ళకు 1945లో జపాన్ లొంగిపోయిన రోజు.

అక్కడి బెంచీ మీద కూర్చుని తమ్ముడికి జావా సముద్ర యుద్ధం గురించి చెప్పాను. 1942 ఫిబ్రవరి 27న అడ్మిరల్ కారెల్ డోర్‌మన్ నాయకత్వంలో మిత్రపక్షాల ఓడలు జపాన్ నౌకాదళాన్ని అడ్డుకోబోయి ఘోరంగా ఓడిపోయాయి. డోర్‌మన్ తన ఓడ డె రూయ్‌టర్‌తోనే మునిగిపోయాడు. ఆ రాత్రి జరిగిన ఒక సంగతి నన్ను వదలదు. బ్రిటిష్ డిస్ట్రాయర్ జూపిటర్ శత్రువు దెబ్బకు పోలేదు. అదే రోజు డచ్చివాళ్ళు జపాన్ ఓడల కోసం వేసిన మందుపాతర తగిలి మునిగిపోయింది. మందుపాతరకు మనవాడు, పగవాడు అన్న తేడా ఉండదు. పెట్టినవాడు మరిచిపోయినా, చచ్చిపోయినా, యుద్ధం ముగిసినా అది మాత్రం కాచుకునే ఉంటుంది.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2016లో చూస్తే ఆ డె రూయ్‌టర్ శిథిలాలు కూడా సముద్రం అడుగున లేవట అక్కా, పాత ఇనుం కోసం ఎత్తుకుపోయారట" అన్నాడు. నిజమే. వందలమంది నావికులకు సమాధి అది.

అల్క్‌మార్, శుక్రవారం

శుక్రవారం ఉదయం ఇక్కడ జున్ను సంత. తెల్ల బట్టలు, రంగు రిబ్బన్ల గడ్డి టోపీలు పెట్టుకున్న మోతగాళ్ళు ఇద్దరిద్దరుగా, మొత్తం నూరు కిలోలకు పైబడిన జున్ను చక్రాలను చెక్క పల్లకీ మీద వేసుకుని ఒక వింత నడకతో పరుగులాంటిది తీస్తారు. బరువు ఊగకుండా ఉండాలంటే అలాగే నడవాలట. వీళ్ళ సంఘం 1593 నుంచీ ఉంది. బేరం అరచేతులు చరుచుకుంటూ సాగుతుంది. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడడం చూసినవాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. జనం విపరీతం, ముందు వరసలో నిలబడాలంటే తొమ్మిదిన్నరకే చేరుకోవాలి. ఏడాది ముగ్గిన జున్ను ముక్క ఎనిమిది యూరోలకు కొన్నాను. బెల్లం, ఉప్పు కలిపినట్టున్న రుచి.

ఈ ఊరి పేరు మీదే ఒక మైన్‌హంటర్ తరగతి ఉంది. మన పాత మైన్‌స్వీపర్లకు కాకినాడ, కడలూర్, అలెప్పీ, రత్నగిరి అని రేవు పట్టణాల పేర్లు పెట్టినట్టే, వీళ్ళూ చిన్న చిన్న ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు. ఫ్రాన్స్, బెల్జియంలతో కలిసి చేసిన ఈ డిజైన్‌లో మొదటి డచ్చి ఓడ 'అల్క్‌మార్' 1983లో చేరింది. తర్వాత లాట్వియా నౌకాదళానికి వెళ్ళిపోయింది.

స్వీపర్‌కూ హంటర్‌కూ తేడా ఏంటని తమ్ముడు అడిగాడు. స్వీపర్ వెనకాల పొడుగాటి ఇనప తాడు ఈడ్చుకుపోతుంది. దానికి కత్తెరలుంటాయి. నీటి అడుగున గొలుసుకు కట్టిన మందుపాతర ఆ తాడుకు తగిలితే గొలుసు తెగి పైకి తేలుతుంది, అప్పుడు తుపాకీతో పేల్చేస్తారు. అయస్కాంతానికి పేలే రకం మందుపాతరలు వచ్చాక ఈ పని ప్రాణాంతకమైపోయింది. ఇనప ఓడ దాని మీదుగా పోతే చాలు, పేలుతుంది. అందుకే అల్క్‌మార్ తరగతి ఓడల ఒళ్ళంతా ఫైబర్ గ్లాసే. హంటర్ ముందు సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, అడుగంతా వెతుకుతుంది. ఏదైనా కనిపిస్తే దూరంగా ఆగి, రిమోట్‌తో నడిచే చిన్న యంత్రాన్నో, డైవర్‌నో పంపిస్తుంది. ఒక్కో దాన్నీ గుర్తుపట్టి, పక్కన మందు పెట్టి పేలుస్తారు. ఇరాన్, ఇరాక్ యుద్ధం జరుగుతున్న 1987లో ఈ తరగతి ఓడలు హెలెవుట్‌స్లౌస్, మాస్‌స్లౌస్ గల్ఫ్ దాకా వెళ్ళి ఇదే పని చేశాయి.

ఈ పనిలో గెలుపు కంటికి కనబడదు. దారి శుభ్రమైందంటే, వెనక వచ్చే ఓడకు ఏమీ జరగదు. ఏమీ జరగనిదానికి ఎవరు పతకాలిస్తారు? నేను ఈ ఓడల వెంట పడడానికి కారణం అదే.

డెన్ హెల్డర్, శనివారం

రైలు ఇక ముందుకు పోదు, సముద్రమే. స్టేషన్ బయట అడుగుపెట్టగానే గాలి మనిషిని పక్కకు నెడుతుంది. 'నౌకాదళం' అని రాసి ఉన్న బోర్డు చూసి తిరిగితే, నేరుగా ఇప్పటి నావికా స్థావరం గేటుకే చేరాం. కాపలా కుర్రాడు తుపాకీ పట్టుకునే ఉన్నా నవ్వుతూ, "మీక్కావలసింది పాత ఓడలు, ఇవి ఇంకా పని చేస్తున్నాయి" అని చెయ్యి చూపించాడు. అరగంట వెనక్కి నడక. దారిలో ఒక బండి దగ్గర పచ్చి హెర్రింగ్ చేప, పైన తరిగిన ఉల్లిపాయలు. తోక పట్టుకుని నోట్లోకి దించుకోవాలని బండావిడ చూపించింది. నేను ముక్కలు చేయించుకున్నాను. వాసన లేదు, వెన్నలా ఉంది. తమ్ముడు మాత్రం కిబ్బలింగ్ అనే చేప బజ్జీలకే పరిమితమయ్యాడు, తొమ్మిది యూరోలు.

మ్యూజియంలో టోనైన్ జలాంతర్గామిని నేల మీద నిలబెట్టారు. 1868 నాటి ఇనప ఓడ స్కోర్పియూన్ కూడా ఉంది. జనమంతా జలాంతర్గామి దగ్గరే. క్రైన్సెన్ దగ్గర క్యూ లేదు.

మెట్ల పలక ఎక్కి డెక్ మీద నిలబడితే మొదట అనిపించేది, ఇంత చిన్నదా అని. ముందు ఒక మూడంగుళాల ఫిరంగి, రెండు 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ తుపాకులు, వెనక డెప్త్ చార్జీలు (జలాంతర్గాముల కోసం నీళ్ళలోకి వదిలే బాంబులు). 1942 మార్చిలో జావాలోని సురబయా రేవులో ఉన్నప్పుడు వీళ్ళకున్న ఆయుధాలు ఇంతే. మిగిలిన ఓడలన్నీ ఆస్ట్రేలియాకు వెళ్ళిపొమ్మని ఆజ్ఞ. ఇదే తరగతి ఓడలు నాలుగు కలిసి వెళ్ళాలనుకున్నాయి. పీటర్ డె బిటర్‌ను, ఎలాండ్ డ్యూబోయ్‌ను వాటి సిబ్బందే ముంచేయాల్సి వచ్చింది. యాన్ వాన్ ఆమ్స్టెల్‌ను మార్చి 8న జపాన్ డిస్ట్రాయర్ పట్టుకుని ముంచేసింది. క్రైన్సెన్ ఒంటరిగా బయల్దేరింది.

అక్కడ డెబ్బై దాటిన వాలంటీర్ ఒకాయన ఉన్నారు, ఒకప్పటి నావికుడు. తమ్ముడు డచ్చిలో మాట్లాడేసరికి మమ్మల్ని ఓడ అంతా తిప్పారు. పక్కనున్న దీవుల్లో చెట్లు కొట్టుకొచ్చి డెక్ మొత్తం కప్పేశారట. కొమ్మలు చాలని చోట ఇనుముకి రాళ్ళ రంగు పూశారు. పగలంతా ఒడ్డుకు దగ్గరగా లంగరేసి కదలకుండా ఉండేవారు. చీకటి పడ్డాక ప్రయాణం. పైనుంచి చూసే విమానానికి వేల దీవుల్లో ఇదొక దీవి. అది భూమధ్యరేఖ దగ్గరి ఎండ. మన పెళ్ళి పందిట్లో కట్టిన మావిడాకులే మర్నాటికి వడిలిపోతాయి, అక్కడ కొమ్మలు ఎంతసేపు పచ్చగా ఉంటాయి? అంటే రాత్రి ఓడ నడపాలి, కొమ్మలు మార్చాలి, తెల్లారితే ఆ ఇనప పెట్టెలో ఆకుల కింద ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. విమానం చప్పుడు వినబడితే ఎవరూ పరిగెత్తకూడదు. పేలకుండా, కాల్చకుండా, కదలకుండా ఉండడానికి ఎంత ధైర్యం కావాలో కింద సిబ్బంది పడుకునే గదిలో నిలబడ్డప్పుడు నాకు తెలిసింది. నా తల పైకప్పుకు దాదాపు తగులుతోంది.

మార్చి 20న ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరింది. జావా నుంచి తప్పించుకున్న చివరి ఓడ అదే.

అంతటితో కథ అయిపోయిందనే చాలామంది రాస్తారు. నాకు ఆ తర్వాతిదే ఎక్కువ ఇష్టం. 1942 సెప్టెంబరులో దీన్ని ఆస్ట్రేలియా నౌకాదళంలోకి తీసుకున్నారు. డచ్చివాళ్ళు, ఆస్ట్రేలియన్లు, వాళ్ళతోపాటు ఆ మునిగిపోయిన జూపిటర్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు కూడా సిబ్బందిలో ఉన్నారు. డచ్చి మందుపాతర తమ ఓడను ముంచితే, వాళ్ళు వచ్చి డచ్చి మైన్‌స్వీపర్ మీద పనిచేశారు. 1943 జనవరి 26న ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న బాస్ జలసంధిలో జలాంతర్గామి జాడ తగిలింది. హడావుడిగా వదిలిన డెప్త్ చార్జీల దెబ్బ సొంత ఓడకే తగిలి పైపులు చెదిరిపోయాయి. మధ్య వరస రివెట్లన్నీ మార్చడానికి వారం డ్రై డాక్‌లో ఉండాల్సి వచ్చింది. వాలంటీర్‌గారు వంగి ఒక రివెట్ల వరస మీద చెయ్యి పెట్టి, "కొట్టినవాడి చేతికీ నొప్పి ఉంటుంది" అన్నారు.

1943 మేలో మళ్ళీ డచ్చి జెండా. యుద్ధమంతా కాన్వాయ్‌ల వెంట కాపలా. అసలు పని యుద్ధం ముగిశాకే దొరికింది. 1945లో తిమోర్‌లో జపాన్ లొంగుబాటుకు ఆస్ట్రేలియా ఓడలు రాకముందు, కుపాంగ్ రేవులో మందుపాతరలు ఏరిపెట్టింది ఇదే.

తర్వాతి భాగం గోడ మీది పలకలో పొట్టిగా ఉంది. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఇండోనేషియా వాళ్ళకు వ్యతిరేకంగా ఈ ఓడ గస్తీ తిరిగింది. 1947లో బిజు పట్నాయక్ విమానం నడుపుకుంటూ వెళ్ళి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను జావా నుంచి ఢిల్లీ తీసుకొచ్చింది ఇదే డచ్చి దిగ్బంధాన్ని దాటి. ఆ సముద్రంలో దాక్కోవడానికి ఏ దీవులు ఆకులిచ్చాయో, ఆ దీవుల మనుషుల మీదే కాపలాగా తిరగడం నాకు మింగుడుపడలేదు. వాలంటీర్‌గారికి అదే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మా నాన్న అక్కడ పనిచేశాడు. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు" అన్నారు. ఈ ఓడను ప్రేమించేవాళ్ళు ఆ ఏళ్ళను కూడా కలిపే చెప్పాలి.

1951లో ఇంటికొచ్చాక రేవుల ముఖద్వారానికి వలలు కట్టే ఓడగా మార్చారు. ఆ తర్వాత కెడెట్లు, ఆ తర్వాత సామాన్లు దాచే గోదాము. 1995లో మ్యూజియం దీన్ని ఎంచుకుని, యుద్ధకాలంలో ఎలా ఉండేదో అలా తిరిగి తయారుచేసింది.

టెక్సెల్, ఆదివారం

ఫెర్రీ ఇరవై నిమిషాలు, రానూపోనూ మూడు యూరోల చుట్టూ. ఔడెస్కిల్ రేవులో ఆదివారం కాబట్టి రొయ్యల పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఉడికించిన చిన్న రొయ్యలు కాగితం పొట్లంలో అమ్ముతున్నారు, పొట్టు మనమే ఒలుచుకోవాలి. ఎలా తిప్పితే పొట్టు ఊడుతుందో పక్క పడవాయన నేర్పాడు. మా కాకినాడ రొయ్యల ముందు ఇవి మరీ బుడతలు, రుచి మాత్రం గొప్పది.

వలల్లో ఇంకా మందుపాతరలు పడతాయా అని అడిగాను. పడతాయన్నాడు. 2005లో ఓడి 1 అనే పడవ వలలో పాత బాంబు పడి, డెక్ మీద పేలి ముగ్గురు చేపలవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాతే నౌకాదళం మైన్‌హంటర్లతో ఈ సముద్రం అడుగును పద్ధతిగా వెతకడం పెంచింది.

"మీకు దొరికితే ఏం చేస్తారు?" అన్నాను.

"కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేస్తాం. వాళ్ళు చెప్పినట్టు మెల్లగా కిందికి దించి, అక్కడ గుర్తు వదిలేస్తాం. డెన్ హెల్డర్ నుంచి వాళ్ళొస్తారు."

"వచ్చేదాకా?"

"దూరంగా పోయి వేరే చోట వల వేసుకుంటాం. ఇంట్లో పిల్లలకు చెప్పం" అన్నాడాయన, ఇంకో రొయ్య ఒలిచి నా చేతిలో పెడుతూ.